గౌరునాయుడి చెయ్యి

చచ్చిపోయిన గౌరునాయుడు పొద్దున్నే కూర్చుని బొంగరాలు తీస్తున్నాడని విశాఖపట్నంలోని కరెంటు పరిశోధనశాలకు కబురు వచ్చింది.

కబురు పంపింది ఆ ఇంటి కరెంటు మీటరు. తెర మీద ఆ పేరు చూసిన దాలినాయుడికి ముందు సంతోషమే వేసింది, అన్న పనిలో పడ్డాడు కదా అని. ఆ తర్వాతే గుర్తొచ్చింది. తొలకరి రోజుల్లో కర్ర తిప్పే లేతు ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు గౌరునాయుడు. కొరివి పెట్టింది దాలినాయుడే. ఇప్పుడు కార్తీకమాసం.

తెర మీద గీత మాత్రం అన్న చేతిదే. ఎగుడూ దిగుడూ, మధ్యలో ఒక చిన్న నొక్కు. ఆ నొక్కుని దాలినాయుడు నిద్రలో లేపి అడిగినా గుర్తుపడతాడు. ఆ మీటరు కనిపెట్టిన మనిషి అతనే మరి.

వాళ్లది వరాహనది ఒడ్డున అంకుపాలెం. ఊరంతా అంకుడు కర్రని లేతు మీద తిప్పి, ఉలితో చెక్కి, లక్క రంగులు ఎక్కించి బొమ్మలు చేస్తారు. పని చేసేది ఇంట్లోనే. వసారాలో లేతు, వెనక పొయ్యి, పైన ఫ్యాను. ఒకనాడు కరెంటు తనిఖీవాళ్లు వచ్చి, ఇంటి కనెక్షను మీద మోటారు నడపడం దొంగతనమని గౌరునాయుణ్ణి వీధిలో నిలబెట్టి, మోటారు ఊడబీకి జీపులో వేసుకుపోయారు. అప్పటికి దాలినాయుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. అన్న వాళ్లతో గొడవ పడలేదు. "ఇల్లూ ఇదే, కొట్టూ ఇదే బాబూ. కరెంటుకి గోడ ఎక్కడ కట్టమంటారు?" అని మాత్రం అడిగాడు.

ఆ ప్రశ్న తమ్ముడికి ముల్లులా దిగబడింది. ఏళ్ల తరబడి దాని వెంటే తిరిగాడు. ఒకే తీగ మీద ఫ్యాను తాగే కరెంటు వేరు, నీళ్ల మోటారు తాగేది వేరు. అక్కడిదాకా చాలామంది వచ్చారు. దాలినాయుడు ఇంకో మెట్టు దిగాడు. తిరిగే కర్ర మీద ఉలి ఆనినప్పుడల్లా మోటారు ఆయాసపడుతుంది. ఆ ఆయాసం ఉలి పట్టిన చెయ్యిని బట్టి మారుతుంది. అన్ననీ, ఊళ్లోని పనివాళ్లనీ పరిశోధనశాలకు తీసుకొచ్చి, తెర అడ్డం కట్టి, వంతులవారీగా లేతు మీద కూర్చోబెట్టాడు. ఇవతల పెద్ద అధికారులు గీతలు చూస్తూ కూర్చున్నారు. అన్న వంతు వచ్చిన ప్రతిసారీ మీటరు తప్పకుండా అన్న పేరే చెప్పింది. "నా సెయ్యి కూడా మాటాడతాదేట్రా!" అని గౌరునాయుడు అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

సర్కారుకి అది దేవుడిచ్చిన వరంలా కనబడింది. అంతకుముందు చిన్న పనివాళ్ల పేరు చెప్పి పెద్ద వ్యాపారులు రాయితీ కరెంటుతో కార్ఖానాలు నడిపేవారు. ఇక ఆ ఆటలు చెల్లవు. పనిముట్టు మీద ఎవరి చెయ్యి ఉందో మీటరే చెబుతుంది. చెయ్యి ఉన్నంతసేపూ సగం ధర. ఆ చేతికే అటవీ డిపోలో కర్ర, ఆ చేతికే బ్యాంకు అప్పు. నాలుగు జిల్లాల్లో ఇంటింటికీ చేతిజాడ మీటర్లు బిగించారు. అంకుపాలెంలో తనిఖీ జీపు మళ్లీ కనబడలేదు.

ఇదంతా అన్న బతికుండగా.

ఆ మధ్యాహ్నం పై అధికారి సుభాషిణి గారు దాలినాయుణ్ణి గదిలోకి పిలిచారు. మంచి మనిషే. ఈ పథకం కోసం సచివాలయంలో చెప్పులరిగేలా తిరిగింది ఆవిడే.

"ఎవరో మీ అన్నయ్య పాత రికార్డుని మీటరుకి తిరగేసి వినిపిస్తున్నారు, దాలినాయుడు గారూ. ఇలాంటి దొంగ పరికరం వస్తుందని నేను అనుకుంటూనే ఉన్నాను."

"అది మా వదిన ఇల్లండీ. ఆవిడకి ఫోనులో పేరు వెతుక్కోవడమే సరిగ్గా రాదు."

"అందుకే మీకు ముందు చెబుతున్నాను. సోమవారం నిఘా వాళ్లు వెళతారు. ఈలోగా ఒకసారి చూసి రండి."

అంకుపాలెంలో బస్సు దిగేసరికి పొద్దు బారెడెక్కింది. వీధి మొదట్లో అరుగు మీద మొగలాకులు చీలుస్తూ కొండమ్మత్త పలకరించింది.

"ఏటి దాలిబాబూ, కరెంటోలకి సెలవులిచ్చినారేటి? నీ మీటరు మా ఇంట్లో మిక్సీ ఏసినా పసిగట్టెత్తందట. మా ముసలోడు ఎక్కడ కూకుని తాగుతన్నాడో అది కూడా సెప్పీలా సెయ్యరాదా, నీకు పున్నెముంటాది!"

నవ్వబోయిన దాలినాయుడు నవ్వలేకపోయాడు. పక్కింటి గోడ దాటి లేతు చప్పుడు వినబడుతోంది. పరికరాలు మీటరుకి ఏం వినిపించినా గాలిలో చప్పుడు చెయ్యవు. ఇది కర్ర మీద నిజంగా ఉలి ఆనుతున్న చప్పుడు. ఆగడం, ఆనడం, ఆ మధ్యలో చిన్న విరుపు. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ ఈ చప్పుడు వింటేనే అన్న ఇంట్లో ఉన్నాడని ఆకలి గుర్తొచ్చేది. కాళ్లు ఇప్పుడూ అలాగే తొందరపడ్డాయి. తలుపు తోశాడు.

లోపల లేతు ముందు వదిన వరహాలమ్మ కూర్చుని ఉంది. పైట నడుముకి చెక్కి, కళ్లు చికిలించి ఉలి పట్టుకుంది. మరిదిని చూడగానే దొంగతనం చేస్తూ దొరికిపోయినదానిలా ఉలి కింద పెట్టేసింది.

"తలుపేసుకున్నానని ఏటనుకోకు బాబూ. ఊరోలు సూత్తే నవ్వుతారు."

నవ్వుతారు నిజమే. ఆ ఊళ్లో ఆడవాళ్లు లక్క కాస్తారు, రంగు ఎక్కిస్తారు, మెరుపు కోసం మొగలాకు రుద్దుతారు. ఉలి పట్టరు. ఆడది ఉలి పట్టిందంటే మగాడు మంచాన పడ్డాడనో, పోయాడనో లెక్క.

"అన్న పేరు మీటరు మీంచి తీయించలేదేం వదినా? ఆఫీసుకి చెప్పొద్దా?"

"సంవత్సరీకం ఎల్లకుండానా?" ఆమెకి నిజంగానే ఆశ్చర్యం వేసింది. "ఆయన బట్టలే దండెం మీంచి తియ్యనేదు. పేరెలా తీసెత్తాను? ఏడాది తిరిగినాక సెబుదామనుకున్నాను. అది తప్పేటి?"

తప్పు ఆమెది కాదు. చదువుకున్న తనకి తోచిందా ఆ సంగతి? మనిషి పోయిన ఇంట్లో ఏడాదిపాటు అతని పేరు కదపరని తెలిసీ, ఆ నియమం తన మీటరుకి చెప్పలేదు.

"ఇంకో బొంగరం తియ్యి వదినా. నేను చూస్తాను."

ఆమె మోటారు వేసింది. అతను ఆమె చేతిని చూడలేదు, భుజాన్ని చూశాడు. ఉలి ఎత్తిన ప్రతిసారీ ఆమె ఎడమ భుజం వెనక్కి పోతోంది, ఏదో లాగుతున్నట్టు. అక్కడ లాగడానికి ఏమీ లేదు.

ఒకప్పుడు ఉండేది. మోటార్లు రాకముందు లేతుకి తాడు చుట్టి భార్య లాగేది. ఒక లాగుకి కర్ర ఇటు తిరుగుతుంది, మరో లాగుకి అటు. తన వైపు తిరిగినప్పుడే భర్త ఉలి ఆనించాలి, వెనక్కి తిరిగేటప్పుడు ఎత్తాలి. వరహాలమ్మ ఎడమ చెయ్యి చిన్నతనంలో విరిగి వంకరగా అతుక్కుంది. ఆమె వెనక లాగు ఎప్పుడూ కాస్త పొట్టిగా, ఒక కుదుపుతో అయ్యేది. ఆ కుదుపుకి తగ్గట్టు గౌరునాయుడు ఉలిని ఒక విరుపు విరిచి ఎత్తేవాడు. పెళ్లయిన నాటి నుంచి మోటారు కొన్నదాకా అలాగే చేశారు ఇద్దరూ. మోటారు వచ్చాక తాడు పోయింది, ఆమె పక్కకి జరిగింది. అతని చెయ్యి మాత్రం ఆమె లాగు కోసం ఆగడం మానలేదు.

దాలినాయుడు అన్నని పరిశోధనశాలలో కూర్చోబెట్టి కొలిచింది ఆ ఆగడాన్నే. అది ఒక్కడి చెయ్యి అనుకున్నాడు. మొగుడూ పెళ్లాల కాపురాన్ని కొలిచి ఒక పేరు పెట్టాడు.

అతను చెప్పింది విని వరహాలమ్మ చాలాసేపు తన వంకర చెయ్యి నిమురుకుంది. తర్వాత పకపకా నవ్వింది.

"అయితే నా అవిటితనం మీయన్నకి అంటుకుపోనాదన్నమాట! సెప్పనేదు సూడు, దొంగముకమోడు."

ఆ నవ్వు దాలినాయుడు విశాఖ చేరేదాకా చెవుల్లో ఉంది.

సుభాషిణి గారు అంతా విన్నారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నిజం రాసెయ్యండి, నేనడ్డం చెప్పను. కానీ ఏమవుతుందో మీకూ తెలుసు. మొగుడికీ పెళ్లానికీ తేడా తెలియని మీటరు ఎందుకని ఆర్థికశాఖ వాళ్లు అడుగుతారు. ఈ పథకం ఎత్తెయ్యడానికి ఒక సాకు కోసం చూస్తున్నారు వాళ్లు. నాలుగు జిల్లాల్లో మళ్లీ జీపులు తిరుగుతాయి."

"రాయకపోతే?"

"పోయిన మనిషి చేతిని బ్యాంకు ఖాతాలాగా మూసెయ్యాలి. మూసేసిన చేతితో ఎవరు పనిచేసినా దొంగ కింద లెక్క. ఇంటి మొత్తానికి వ్యాపారం ధర పడుతుంది, డిపోలో కర్ర ఇవ్వరు." ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "మీ వదిన చెయ్యి మార్చుకోగలదా?"

"చెయ్యి మార్చుకోవడమంటే చీర మార్చుకోవడమా అండీ?"

"కాదు. అందుకే అడుగుతున్నాను. ఆర్డరు వెయ్యడం లేదు."

నిఘావాళ్లని ఆవిడ ఆపగలిగింది సంక్రాంతి దాకా. దాలినాయుడు సెలవు పెట్టి మళ్లీ అంకుపాలెం వెళ్లాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు గాని, వదిన ముందు అవేవీ పనికిరాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"మార్సకపోతే రొయ్యల ఫ్యాక్టరీయే నాకు," అంది వరహాలమ్మ. "పొద్దస్తమానూ ఐసులో సేతులెట్టి రొయ్యలు ఒలవాల. ఈ సెయ్యి దానికీ పనికిరాదు." ఉలి చేతిలోకి తీసుకుంది. "మారిత్తే నా పేరు మీదొత్తాదా?"

"వస్తాది."

"ఊరోలకి ఎసరు రాదు గదా?"

"రాదు."

"అయితే మార్సీ బాబూ. దీనికింత మొకం ముడుసుకోడమేల?"

అతను మీటరుకి ఒక చిన్న దీపం తగిలించాడు. లేతు మీద ఉన్నది గౌరునాయుడి చెయ్యి అని మీటరు అనుకున్నంతసేపూ దీపం వెలుగుతుంది. కాదనుకుంటే ఆరిపోతుంది. దాన్ని ఆర్పడం వాళ్ల పని.

పీట ఎత్తు పెంచి చూశాడు. దీపం వెలుగుతూనే ఉంది. ఆమెని లేతుకి అటువైపు కూర్చోబెట్టాడు. కాస్త మసకబారి, ఆమెకి అలవాటు పడగానే మళ్లీ వెలిగింది. భుజం వెనక్కి పోకుండా ఉంటే తప్ప లాభం లేదని అతనికి తెలుసు. చివరికి తువ్వాలు తెచ్చి, చిన్నప్పుడు తనని ఎత్తుకు తిప్పిన ఆ భుజాన్నే స్తంభానికి కట్టాడు.

"గట్టిగా కట్టు. ఒగ్గీకు," అంది ఆమె.

కట్టిన భుజంతో ఉలి దారి తప్పింది. కర్ర ముక్క ఎగిరి చెంప గీరుకుపోయింది. లక్క ముద్దకట్టి బొమ్మలకి పుండ్లలా అతుక్కుంది. చేసినవి చేసినట్టు పొయ్యిలోకి పోయాయి. ఆమె ఒక్కరోజు కూడా కట్టు విప్పమనలేదు. తలుపులు కూడా తీసే ఉంచింది. కొండమ్మత్త వచ్చి గుమ్మంలో నిలబడి, ముక్కు మీద వేలు వేసుకుని, "ఓలమ్మ, మరిదేటి వదిన్ని కట్టీడమేటి!" అని మొదలెట్టి, ఆ మొహాలు చూసి మాట మింగేసి వెళ్లిపోయింది.

దీపం మెల్లగా మసకబారుతూ వచ్చింది.

ఒకనాడు కట్టు విప్పి చూద్దామనుకున్నారు. వరహాలమ్మ ఏదో ఆలోచనలో ఉండి ఉలి ఆనించింది. దీపం భగ్గున వెలిగింది. ఆమె తలెత్తి దాన్ని చూసింది. మొహమంతా విచ్చుకుంది, వాకిట్లో చెప్పుల చప్పుడు విన్నట్టు.

"వొచ్చినాడు," అంది.

దాలినాయుడు ఆమెకి దగ్గరగా వచ్చాడు. "రానివ్వకు వదినా."

"రానివ్వను. ఇదొక్క బొంగరం అవనీ."

అతను తల తిప్పుకుని వీధివైపు చూస్తూ నిలబడ్డాడు. వెనక అదే చప్పుడు: ఆగడం, ఆనడం, విరుపు. ఆ బొంగరాన్ని ఆమె ఎంత నెమ్మదిగా తీసిందంటే కర్ర దారమంత సన్నమయ్యేదాకా చెక్కుతూనే ఉంది. చివరికి అది పుటుక్కున విరిగింది. అప్పుడు తానే తువ్వాలు అందుకుని అతని చేతికిచ్చింది.

ఆ తర్వాత దీపం మళ్లీ అంతలా వెలగలేదు. ధనుర్మాసం సగం గడిచేసరికి కట్టు ఉన్నా లేకున్నా ఒకటే అయింది. వరహాలమ్మ భుజం రాయిలా నిలబడుతోంది, ఉలి తిన్నగా ఆనుతోంది. బొమ్మలు నున్నగా, కొట్లో దొరికేవాటిలా వస్తున్నాయి. పైనుంచి వచ్చిన అధికారులు ఆమెని పరీక్షించి, కొత్త చెయ్యి అని తేల్చి, మీటరులో పేరెక్కించమన్నారు. నాలుగు జిల్లాల్లో సొంత పేరు మీద చేతిజాడ ఉన్న మొదటి ఆడమనిషి వరహాలమ్మేనని సుభాషిణి గారు ఫోను చేసి మరీ చెప్పారు. ఆవిడ గొంతులో సంతోషం నిజమైనదే.

మర్నాడు దాలినాయుడు మిఠాయి పొట్లం పట్టుకుని వెళ్లాడు. కొండమ్మత్త అరుగు దిగి ఎదురొచ్చి, మా కోడలికి కూడా ఉలి నేర్పమని చెప్పు బాబూ, మా ముసలోడి మొకాన ఉమ్మీవొచ్చు, అంది. లోపల లేతు ఆగి ఉంది. వరహాలమ్మ దాని ముందు కూర్చుని వట్టి ఉలితో గాలిలో ఏదో ప్రయత్నిస్తోంది. ఎత్తుతోంది, దింపుతోంది. తల అడ్డంగా ఊపుతోంది.

"రావట్నేదు బాబూ," అంది అతన్ని చూసి. "పొద్దున్నించి సూత్తన్నాను. పేరెలాగూ ఎక్కీసింది గదా, మిసను ఆపీసి ఓపాలి ఊరికే ఆయనలా తీద్దామని. సెయ్యి మర్సిపోనాది. ఎక్కడ ఆగీవోడో తెల్డం నేదు."

అతను పక్కనే నేల మీద కూర్చున్నాడు. మిఠాయి పొట్లం చేతిలోనే ఉంది.

"మీ ఆపీసులో ఉంటాది గదా ఆయన సెయ్యి?" ఆమె మొహంలో ఆశ కనబడింది. "ఆ గీత. ఓపాలి సూపించు. నాకు సదువు రాపోయినా, సూత్తే సెయ్యికి తెలిసిపోద్ది."

దాలినాయుడు తల దించుకున్నాడు. మీటరు కనిపెట్టిన కొత్తలో, సర్కారు చేతుల్లో మనుషుల చేతులు ఉండిపోకూడదని పట్టుబట్టి అతనే ఒక నియమం రాయించాడు. మనిషి పోయాక చేతిని మూసేస్తే, ఆ చేతి తాలూకు గీతలన్నీ పరిశోధనశాల కాపీలతో సహా వాటంతటవే చెరిగిపోవాలి. ఎవరూ దాచుకోకూడదు, తను కూడా. మంచి నియమమని అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. అన్న చెయ్యి మూస్తేగాని వదిన పేరు ఎక్కదు. ఎక్కించే మీట నొక్కింది తనే. చెరిగిపోతుందని తెలిసీ, తెలియనట్టు నొక్కాడు.

"లేదు వదినా. చెరిగిపోయింది."

"అంతానా?"

"అంతా."

ఆమె ఉలిని జాగ్రత్తగా ఒళ్లో పెట్టుకుంది. పిడి మీద వేళ్లు ఆనించింది. అప్పుడు అడిగింది.

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం. నీ పేరు ఎక్కిన కాసేపటికి."

"ఆ యేలకి నానేటి సేత్తన్నాను?"

చావు కబురు విన్న మనుషులు అడిగే మాట అది. అతనికి జవాబు తెలుసు. మీటరు చూసి ఉన్నాడు.

"బొంగరానికి లక్క ఎక్కిస్తున్నావు."

వరహాలమ్మ మోటారు వంక చూసింది. దాని మీద పేరుకున్న పొట్టుని పైటచెంగుతో తుడిచింది.

"ముందే సెప్పకపోనావేటి బాబూ," అంది. "ఓ గడియ మిసను ఆపుదును గదా."